పక్షవాతం: మెదడు రక్తప్రవాహ చిత్రాలు చెబుతున్నదేమిటి?

శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిలో మనం వాడుకునే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే ఖర్చవుతుంది. ఇంధనాన్ని నిల్వ చేసుకునే శక్తి దానికి దాదాపు లేదు కాబట్టి రక్తం నిరంతరం అందుతూనే ఉండాలి. ప్రతి 100 గ్రాముల మెదడు కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం చేరుతుందని 1940లలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్పించి లెక్కగట్టారు. పక్షవాతం (స్ట్రోక్) రోగి మెదడును చిత్రాల్లో చూసి చికిత్సను నిర్ణయించే నేటి విధానానికి పునాది వేసిన కొలత ఇది.

రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఆ నాళం పోషించే భాగమంతా ఒక్కసారిగా చనిపోదు. 1977లో ఆస్ట్రప్, సైమన్, బ్రాన్‌స్టన్, లాసెన్ బబూన్ కోతులపై చేసిన ప్రయోగాలు ఈ విషయాన్ని అంకెల్లో చూపాయి. ప్రవాహం 20 మిల్లీలీటర్ల దిగువకు పడిపోతే నాడీకణాల విద్యుత్ సంకేతాలు ఆగిపోతాయి. సుమారు 10కి దిగజారితే కణాల్లోని పొటాషియం బయటకు పొంగి, మరణం మొదలవుతుంది. ఈ రెండు హద్దుల మధ్య పని ఆగిపోయినా ప్రాణం పోని ప్రాంతం ఒకటి మిగిలి ఉంటుంది. దాన్నే పెనంబ్రా అంటారు. చేయి పడిపోయి, మాట పోయిన రోగిని చూసి ఇంట్లోవారు అంతా అయిపోయిందనుకునే సమయానికి, ఆ చేతినీ మాటనూ నడిపించే కణాల్లో చాలా భాగం ఇంకా బతికే ఉండవచ్చు. ఈ ఒక్క వాస్తవం ప్రతి ఇంటికీ తెలిస్తే పసరు మందు కోసం పోగొట్టుకుంటున్న గంటలు మిగులుతాయని నా నమ్మకం.

మనుషుల్లో పెనంబ్రాను మొదట చూపించింది, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం సాయంతో మెదడు రక్తప్రవాహాన్ని, ఆక్సిజన్ వాడకాన్ని కొలిచే పెట్ స్కాన్. కొందరిలో పన్నెండు గంటలు దాటాక కూడా బతికించదగిన కణజాలం మిగిలి ఉంటుందని ఫ్రాన్స్‌లో జాన్ క్లోడ్ బారన్ బృందం గుర్తించింది. అయితే పెట్ స్కాన్‌ను అత్యవసర విభాగంలో వాడటం దాదాపు అసాధ్యం. 1990లో మోస్లీ బృందం పిల్లులపై చేసిన పరిశోధనతో, కణజాలంలో నీటి అణువుల కదలికను చూపే డిఫ్యూజన్ ఎంఆర్ఐ రంగంలోకి వచ్చింది. ఆ తర్వాత సీటీ పెర్ఫ్యూజన్ ఆసుపత్రులకు చేరింది. చిత్రంలో రక్తం స్పష్టంగా కనిపించేలా చేసే కాంట్రాస్ట్ మందును చేతి నరం ద్వారా ఎక్కించి, అది మెదడులోకి వచ్చి వెళ్లే తీరును సుమారు నిమిషం పాటు వరుసగా చిత్రాలు తీస్తారు. ఎక్కడ ఎంత ఆలస్యమైందో, ఎంత రక్తం చేరిందో సాఫ్ట్‌వేర్ లెక్కించి రంగుల పటంగా చూపుతుంది.

చికిత్స మాత్రం చాలాకాలం గోడ గడియారాన్నే నమ్ముకుంది. గడ్డను కరిగించే మందును 3 గంటలలోపు ఇస్తే మేలు జరుగుతుందని 1995లో అమెరికా పరిశోధన తేల్చగా, 2008లో ఐరోపా పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయన్న 2006 నాటి అంచనా ప్రపంచమంతా ప్రచారమైంది. అది సగటు మాత్రమేనన్న సంగతి మరుగున పడింది. 2019లో తిరిగి లెక్కించినప్పుడు ఈ నష్టం ఒక్కొక్కరిలో నిమిషానికి 35 వేల కన్నా తక్కువ నుంచి 2.7 కోట్ల కన్నా ఎక్కువ దాకా ఉందని తేలింది. మూసుకుపోయిన నాళానికి చుట్టుపక్కల నాళాలు ఎంత సాయపడతాయన్నదే ఈ తేడాకు ముఖ్య కారణం.

ఈ అవగాహన ఫలితమే 2018లో ప్రచురితమైన డాన్, డిఫ్యూజ్ 3 అనే రెండు పరిశోధనలు. చనిపోయిన భాగం చిన్నదిగా, కాపాడదగిన భాగం పెద్దదిగా ఉన్నవారిని చిత్రాలు, లక్షణాల తీవ్రత ఆధారంగా ఎంచుకుని, 6 గంటలు దాటాక కూడా తొడ దగ్గరి రక్తనాళం గుండా గొట్టం పంపి గడ్డను తీశారు. 24 గంటల వరకు రోగులను చేర్చుకున్న డాన్‌లో, మూడు నెలల తర్వాత తమ పని తాము చేసుకోగలిగినవారు ఈ చికిత్స పొందినవారిలో 49 శాతం ఉండగా, పొందనివారిలో 13 శాతమే. వైద్య పరిశోధనల్లో ఇంత తేడా అరుదుగా కనబడుతుంది.

కానీ అక్కడి నుంచే ఒక అపోహ కూడా మొదలైందని నా అభిప్రాయం. పెర్ఫ్యూజన్ పటం లేనిదే చికిత్స లేదన్న భావన బలపడింది. తర్వాతి పరిశోధనలు దాన్ని నిలబెట్టలేదు. 2023లో వచ్చిన నెదర్లాండ్స్ పరిశోధన రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్‌లో పక్క నాళాల ప్రవాహాన్ని చూసి రోగులను ఎంచుకుని మేలు చూపింది. అదే ఏడాది వెలువడిన ‘టెన్షన్’ అనే పరిశోధన, ఎక్కువమందిని కాంట్రాస్ట్ లేని సాధారణ సీటీతోనే ఎంపిక చేసి, మెదడులో పెద్ద భాగం దెబ్బతిన్నవారికి కూడా గడ్డ తీయడం వల్ల ఉపయోగం ఉందని తేల్చింది. అంటే, పటంలో రంగు చూసి ఇక లాభం లేదని మనం వెనక్కి పంపిన వారిలో కొందరు కోలుకునేవారే. పైగా స్ట్రోక్ వచ్చిన తొలి గంటల్లో తీసిన పెర్ఫ్యూజన్ పటం, రక్తం తిరిగి అందితే బతకగల కణజాలాన్ని కూడా ఒక్కోసారి చనిపోయినట్టు చూపుతుంది.

మన ప్రాంతానికి సంబంధించి ఇంకో చిక్కు ఉంది, దాని గురించి చర్చ చాలా తక్కువ. పాశ్చాత్య దేశాల శ్వేతజాతీయుల్లో మెడలోని కెరోటిడ్ ధమని వ్యాధి ఎక్కువగా కనిపిస్తే, మన వారిలో పుర్రె లోపలి నాళాలు సన్నబడటం ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్ వైద్యుల స్ట్రోక్ రిజిస్ట్రీ ఈ సంగతిని రెండు దశాబ్దాల క్రితమే నమోదు చేసింది. ఏళ్ల తరబడి మెల్లగా సన్నబడిన నాళం గుండా రక్తం ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది, మెదడు దానికి అలవాటు పడి ఉంటుంది. విస్తృతంగా వాడే సాఫ్ట్‌వేర్లు మాత్రం రక్తం చేరడంలో ఆలస్యం 6 సెకన్లు దాటితే ఆ భాగం ప్రమాదంలో ఉందని, ప్రవాహం మెదడు ఎదుటి సగంలో ఉన్నదానిలో 30 శాతం కన్నా తక్కువైతే చనిపోయిందని లెక్కిస్తాయి. ఎన్నాళ్లుగానో ఉన్న ఆలస్యం ఈ లెక్కలో కొత్త ఆపదగా కనబడవచ్చు. గుండె బలహీనంగా ఉన్నవారిలో రెండు వైపులా ఆలస్యం కనిపించి పటమే తప్పుదారి పట్టించవచ్చు. మన రోగుల చిత్రాలతో, వారు కోలుకున్న తీరుతో ఈ హద్దులను సరిచూసే పని మన బోధనాసుపత్రులు పూనుకోవలసినది.

ఈలోగా రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ ధనం మొదట ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు నా సమాధానం సూటిగానే ఉంది. స్ట్రోక్ రోగికి ముందు తేలవలసింది మెదడులో రక్తస్రావమా, గడ్డా అన్నది. దానికి సాధారణ సీటీ చాలు. పెద్ద నాళం మూసుకుందో లేదో యాంజియోగ్రామ్ అదే యంత్రంపై, అదే బల్లమీద, మరి కొద్ది నిమిషాల్లో చెబుతుంది. ఈ రెండు చిత్రాలూ జిల్లా ఆసుపత్రిలో అర్ధరాత్రి అయినా తీయగలిగే టెక్నీషియన్ ఉండాలి, వాటిని దూరం నుంచి వెంటనే చదివే న్యూరాలజిస్టు ఉండాలి. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ మన దేశంలోనే తయారవుతోంది, ఒకే ఇంజెక్షన్‌గా ఇచ్చేయవచ్చు కాబట్టి పెద్ద నగరానికి పంపే ముందే చికిత్స మొదలుపెట్టవచ్చు. అస్సాంలో ఐసీఎంఆర్ సీటీ యంత్రాన్నే వాహనంలో అమర్చి పల్లెల దాకా తీసుకెళ్లింది. మన్యం ప్రాంతాల్లో 108 వ్యవస్థకు అనుబంధంగా అలాంటిది ఎందుకు ప్రయత్నించకూడదో ప్రభుత్వాలు చెప్పాలి.

పెర్ఫ్యూజన్, ఎంఆర్ఐ అనవసరమని దీని అర్థం కాదు. నిద్ర లేచేసరికి చేయి పడిపోయిన మనిషికి స్ట్రోక్ ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. డిఫ్యూజన్ చిత్రంలో మచ్చ కనిపించి, ఫ్లెయిర్ అనే మరో రకం ఎంఆర్ఐ చిత్రంలో ఇంకా కనబడకపోతే అది వచ్చి ఎక్కువ సేపు కాలేదని అర్థం. అలాంటివారికి గడ్డను కరిగించే మందు ఇస్తే 53 శాతం మంది బాగా కోలుకున్నారని, ఇవ్వనివారిలో అది 42 శాతమేనని 2018లో వేకప్ పరిశోధన చూపింది. ఇలాంటి రోగులను ఏ ఆసుపత్రికి, ఎవరి ఫోన్ మీద, ఎంతసేపట్లో చేర్చాలో జిల్లాల వారీగా ముందే రాసి ఉంచుకోవాలి.