గట్టి ఫోన్ ఎవరికి కావాలి?

అమ్మ చేతిలోంచి ఫోన్ జారింది. పడింది నడుమెత్తు నుంచే గానీ, కింద తాండూరు బండ. మూల మీద తగిలి అద్దమంతా సాలెగూడైంది. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి పట్టుకెళ్తే, కౌంటర్ దగ్గరి కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పోయింది గ్లాసే అన్న, డిస్‌ప్లే మంచిగనే ఉంది. గ్లాస్ ఒక్కటి మారిస్తే పన్నెండు వందలు. తీసేటప్పుడు డిస్‌ప్లే పోతే మాత్రం నాకు సంబంధం లేదు" అన్నాడు. సర్వీస్ సెంటర్‌లో అంతకుముందే అడిగి వచ్చాను. అక్కడ అద్దం ఒక్కటే మార్చరట, మొత్తం డిస్‌ప్లే మార్చాల్సిందే, ఆరు వేల పైమాటే. ఆ ఫోన్‌ని ఇప్పుడెవరైనా నాలుగు వేలకు కొంటే గొప్ప.

అతను ఫోన్‌ని వేడి పలక మీద పెట్టి, వెంట్రుకంత సన్నటి తీగను అద్దానికీ డిస్‌ప్లేకీ మధ్య దూర్చి, రంపం లాగినట్టు మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. పైకి ఒకటిగా కనిపించినా అవి రెండూ వేర్వేరు వస్తువులు. మధ్యలో గాలి లేకుండా పారదర్శకమైన జిగురుతో అతికిస్తారు. దానివల్ల ఎండలోనూ బొమ్మ తేటగా కనిపిస్తుంది, ఫోన్ పలచబడుతుంది. పగిలేది వందల్లో దొరికే అద్దం, బిల్లు పడేది వేలు చేసే డిస్‌ప్లేకి.

ఇలాంటప్పుడు ఎవరిని కదిపినా వచ్చే మాట, "రెండేళ్లకు పోవాలనే చేస్తారు వాళ్లు" అని. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్‌తో తగ్గించిన మాట నిజమేనని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండేందుకే అలా చేశామంది. కొన్నవాళ్లకు ఆ సంగతి చెప్పనందుకు ఫ్రాన్స్ 2020లో 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. అయినా సరే, అద్దం విషయంలో నేను కుట్ర మాట నమ్మను. అక్కడ అడ్డు పడుతున్నది పదార్థం తీరే.

ఫోన్ అద్దాన్ని సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. అద్దంలోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, ఆ చోట్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దసరా ముందురోజు ఎంజీబీఎస్ బస్టాండులో ఎక్కిన బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు కూర్చున్నట్టు పైపొర బిగుసుకుపోతుంది. పగులు సాగాలంటే ముందు ఆ బిగువును దాటాలి. దాటడానికి దారి చూపేది గీత. ఏది దేన్ని గీయగలదో చెప్పే మోస్ కాఠిన్య కొలమానంలో ఫోన్ అద్దం 6 దగ్గర ఉంటే, క్వార్ట్జ్ 7. హైదరాబాద్ నిలబడిందే గ్రానైట్ మీద, ఇక్కడి ఇసుకలో క్వార్ట్జ్‌కి కొదవేం లేదు. జేబులోని తాళంచెవి గీయలేని అద్దాన్ని, జేబు అడుగున చేరిన ఇసుక రేణువు గీస్తుంది. కంటికి ఆనని ఆ గీత దగ్గర, ఆర్నెల్ల తర్వాత కింద పడ్డ రోజున, అద్దం విడిపోతుంది.

పోనీ గీతలు పడని నీలమణి (సఫైర్) స్ఫటికం వాడదామంటే అది ఖరీదు, పైగా పెళుసు. ఆపిల్ కోసం దాన్ని తయారుచేయబోయిన జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్ 2014లో దివాలా తీసింది. పగలని ప్లాస్టిక్ పొర వేద్దామంటే అదీ అయింది. మోటరోలా 2016లో మన దేశంలో మోటో ఎక్స్ ఫోర్స్ దించింది, తెర పగలదని నాలుగేళ్ల వారంటీతో. తెర పగలడం మాట అటుంచి, గీతలు మాత్రం తేలిగ్గా పడేవి. కొన్నేళ్లకే ఆ తరహా తెర కనుమరుగైంది. గీతల ఫోన్ రోజూ కంట్లో నలుసు, పగిలే ఫోన్ ఎప్పుడో ఒకరోజు వచ్చే గండం. మనం గండాన్నే ఎంచుకున్నాం.

నోకియా 3310 సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి నేనే ఎత్తుతాను. అది కింద పడితే వెనక మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు ఎగిరేవి. మంచం కిందికి దూరి వెతికి ఏరుకొచ్చి పెట్టుకునేవాళ్లం. అలా చెదిరిపోవడంలోనే దెబ్బలో కొంత ఖర్చయ్యేది. తెర అగ్గిపెట్టెంత, అదీ ప్లాస్టిక్ వెనక. ఇప్పటి ఫోన్ జిగురుతో బిగించిన పలక, ఊడి ఎగరడానికి అందులో ఏమీ లేదు. ఆ జిగురే లేకపోతే ఆగస్టు వానలో పంజాగుట్ట దాటేసరికి లోపలికి నీళ్లు చేరతాయి. నీటిని ఆపే జిగురే బ్యాటరీ మార్చనివ్వదు. ఒక గట్టిదనం కావాలంటే ఇంకోదాన్ని వదులుకోవాలి.

ఇంతవరకూ కంపెనీల పక్షాన మాట్లాడినట్టుంది. అసలు విషయం ఇక్కడుంది.

అమ్మ చేతిలోని ఫోన్ నేను మూడున్నరేళ్లు వాడింది. ఎక్స్చేంజ్‌కి రెండు వేలిస్తామంటే మనసొప్పక ఆమెకిచ్చాను. రేపు అది పనిమనిషి కొడుకు చదువుకో, ఊళ్లో బాబాయికో పోతుంది. మన ఇళ్లలో ఫోన్లు ఇలాగే చేతులు మారతాయి. షోరూంలో డబ్బు కట్టింది నేను, నాకు మూడేళ్లు ఆడితే చాలు. ఐదో ఏడూ ఆరో ఏడూ ఆడాల్సిన అవసరం అమ్మది, ఆమె తర్వాతి వాళ్లది. వాళ్లు షోరూం మెట్లెక్కరు. కంపెనీ లెక్కలో వాళ్లు కస్టమర్లే కారు. కొనేవాడు అడగని గుణాన్ని ఏ కంపెనీ చేర్చదు, అందుకు కుట్రలు అక్కర్లేదు.

ఆ రెండో చేతికి వెళ్లేసరికి అద్దం కన్నా ముందు మిగతావి మొరాయిస్తాయి. లిథియం బ్యాటరీకి వేడి పడదు. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిలే చెబుతుంది, మన మే నెల 40 దాటుతుంది. బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించుకుని ఎండలో తిరిగే డెలివరీ కుర్రాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. బైకు ఇంజన్ అదురుకు కెమెరా దెబ్బతినొచ్చని కూడా 2021లో ఆపిల్ హెచ్చరించింది. ఇక సాఫ్ట్‌వేర్. అప్‌డేట్లు ఆగిపోయాక, నిక్షేపంలా ఉన్న ఫోన్‌లో ఒకరోజు బ్యాంకు యాప్ "ఈ వెర్షన్‌లో పనిచేయదు" అంటుంది. అమ్మకు అద్దం పగిలినప్పటి కన్నా ఆ రోజే ఎక్కువ దిగులు.

దీన్ని మార్కెట్‌కి వదిలేస్తే కుదరదని యూరప్‌కి అర్థమైంది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మకానికి వచ్చే ఫోన్ బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యంతో ఉండాలి. ఆ మోడల్ అమ్మకాలు ఆపాక ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. కింద పడితే ఎంత తట్టుకుంటుంది, రిపేరు ఎంత సులువు అన్నవి లేబుల్ మీద గ్రేడుల్లో ఉండాలి. మన దగ్గర 2022లో రిపేరు హక్కు మీద కేంద్రం కమిటీ వేసింది, ఆ ఏడాదే కంపెనీలు రిపేరు వివరాలు పెట్టే పోర్టల్ తెరిచింది. ఫోన్లకు, రిపేరు ఎంత సులువో చెప్పే సూచీ ఇవ్వాలని మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. పోర్టల్లో వివరాలు పెట్టడం వేరు, జగదీశ్ మార్కెట్ కుర్రాడికి అసలు డిస్‌ప్లే సరసమైన ధరకు దొరకడం వేరు. నన్నడిగితే పగలని అద్దం కోసం చూడ్డం దండగ. పగిలితే పన్నెండు వందల్లో, గ్యారంటీతో, కంపెనీయే మార్చి ఇచ్చే రోజు వస్తే చాలు.

ఆ రోజు అద్దం బాగానే కుదిరింది. తిరుగుదారిలో అమీర్‌పేటలో ఒక షోరూంలోకి వెళ్లి, ఇరవై ఐదు వేల ఫోన్ చేతిలోకి తీసుకుని, "దీని పార్టులు ఎన్నేళ్లు దొరుకుతాయి బాబూ?" అని అడిగాను. "అది సర్వీస్ సెంటర్‌లో అడగాలి సార్. ఇది చూడండి ముందు" అంటూ అతను ఫోన్ తీసుకుని, గాజు తలుపులోంచి రోడ్డవతలి మెట్రో పిల్లర్ మీదికి తిప్పి, నంబర్ తెర నిండా వచ్చేదాకా జూమ్ చేశాడు.