జైలు గ్రంథాలయపు ఇనుప బీరువా గారికి బహిరంగ లేఖ

శ్రీయుత ఇనుప బీరువా గారికి,

కర్నూలు నుంచి ఒక విశ్రాంత సబ్‌స్టేషన్ ఉద్యోగి నమస్కరించి వ్రాయునది. మీ క్షేమం అడగనవసరం లేదు. సీమలోని ఒకానొక కారాగారపు వరండాలో, రెండు తాళాల వెనుక మీరు ఎంత భద్రంగా ఉన్నారో పోయిన ఏడాది పుస్తకాలు ఇవ్వడానికి వచ్చినప్పుడు కళ్లారా చూశాను. ఖైదీల బ్యారక్‌కు ఒక్క తాళమే ఉంది.

ఆనాడు నేను తెచ్చిన సంచీని తనిఖీ చేసిన అధికారి, హరిత విప్లవం మీద ఉన్న వ్యవసాయ పుస్తకాన్ని పేరులోని రెండో మాట చూసి వెనక్కి ఇచ్చేశారు. విద్యుత్ వలయాల స్థిరత్వ విశ్లేషణ మీద నేను చదువుకున్న పాత పాఠ్యగ్రంథాన్ని మాత్రం, ‘స్థిరత్వం మంచిదే కదా’ అంటూ సంతోషంగా మీకు అప్పగించారు. అలా అది మీ మూడో అర చేరింది. దాని పక్కన ఒకే ఆధ్యాత్మిక గ్రంథం ముప్పై ఆరు ప్రతులు, దాతల పేర్లతో సహా, ఒక్క మడత కూడా పడకుండా వరుసగా నిలబడి ఉన్నాయి.

ఆ పుస్తకాన్ని మీరు కడుపులో పెట్టుకున్నారే గానీ చదివినట్టు లేదు. చదివి ఉంటే స్థిరత్వమంటే కదలకుండా పడి ఉండడం కాదని ఈపాటికి తెలిసేది. 1892లో రష్యా గణితవేత్త ల్యాపునోవ్ ఈ విషయాన్ని సిద్ధాంతీకరించినప్పుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: కాస్త కదిపితే ఇది తన చోటికి దగ్గర్లోనే నిలుస్తుందా, దూరంగా కొట్టుకుపోతుందా? కదపనిదే జవాబు రాదు. విద్యుత్ కేంద్రాలనూ ఊళ్లనూ కలిపే లైన్ల అల్లిక, మా గ్రిడ్‌కు ఆ పరీక్ష రోజూ తప్పదు. గని–శకునాల సౌర పార్కు మీద మబ్బు పట్టినా, ఎక్కడో లైను మీద పిడుగు పడినా, 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు యాభై ఆవృత్తుల దగ్గర, ఉండవలసిన కరెంటు పౌనఃపున్యం అటూ ఇటూ ఊగి మళ్లీ కుదురుకోవాలి. మా లాగ్‌షీటులో గంటగంటకూ అంకెలు మారేవి. మీ ఇష్యూ రిజిస్టరు తిరగేస్తే, ఏడాది మొత్తంలో నలుగురు పాఠకులు, నలుగురూ పైఅధికారుల తనిఖీ రోజునే, ఒకే కలంతో, ఒకే దస్తూరీతో సంతకం పెట్టి ఉన్నారు. ఇంతటి ఏకరూపత నా ముప్పై రెండేళ్ల సర్వీసులో ఏ మీటరులోనూ చూడలేదు, కాలిపోయిన మీటరులో తప్ప.

ఆ గ్రంథంలో మీకు దగ్గరి సంగతి మరొకటి ఉంది. లైనులో షార్ట్ సర్క్యూట్ లాంటి ఫాల్టు వచ్చినప్పుడు శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రంలో నీరు టర్బైనును తోస్తూనే ఉంటుంది గానీ పుట్టిన కరెంటు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు ఆ మిగిలిన శక్తి యంత్రంలో తిరిగే భాగమైన రోటరు వేగం పెంచుతుంది. అందుకే 400 కేవీ లైను మీది ఫాల్టును 100 మిల్లీసెకన్లలో వేరుచేయాలని మా నియమం. ఆలస్యమైతే యంత్రం మిగతావాటితో అడుగు తప్పుతుంది. సాయంత్రం బ్యారక్ తాళం పడ్డాక తెల్లవారేదాకా ఒక మనిషి తలలోకి వచ్చే ఆలోచనలు ఆగవు, పోయే దారీ ఉండదు. అతడు పుస్తకం కోసం అర్జీ పెడితే అది వార్డరు నుంచి జైలరుకు, అక్కడి నుంచి ‘పరిశీలించి నివేదించగలరు’ అన్న మాటతో మళ్లీ వార్డరుకు చేరుతుంది. ఒక విచారణ ఖైదీకి బెయిలు ముందు వచ్చింది, పుస్తకానికి అనుమతి తరువాత వచ్చింది. ఇక చదవడానికి అతనికి మిగిలింది తన చార్జిషీటే. దాన్ని మీ నివాసంలో చదివినంత శ్రద్ధగా మరెక్కడా చదవరు. ఒకరు చదువుతుంటే అక్షరం రాని పదిమంది చుట్టూ చేరి వింటారు.

ఎవరితోనూ కలవకపోవడమే క్షేమమని మీరు వాదించవచ్చు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి సుమారు 60 కోట్ల మంది చీకట్లో పడిన రోజున, వాటితో ఒకే లయలో నడిచేలా ముడిపడని మన దక్షిణాది గ్రిడ్ నిలబడిన మాట నిజమే. అయినా 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ వెళ్లి కలిశాం. చిన్న గ్రిడ్‌లో ఒక పెద్ద యంత్రం ఆగితే పౌనఃపున్యం ఎంతగా పడిపోతుందో, కంట్రోల్ రూములో కూర్చున్నవాడికి తెలుసు.

మా కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్లి, బయటికొచ్చాక గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ జీవితం ధారపోశారు. ఆయన జైలు నుంచి గ్రంథాలయానికి నడిచారు. తమరు గ్రంథాలయం పేరు చెప్పుకొని జైల్లో స్థిరపడ్డారు. ప్రతి కారాగారంలోనూ గ్రంథాలయం ఉండాలనీ, దాన్ని పూర్తిగా వాడుకునేలా ఖైదీలను ప్రోత్సహించాలనీ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 64వది చెబుతోంది. గ్రంథాలయం ఉండాలన్న సగాన్ని మీరు అక్షరాలా పాటిస్తున్నారు. బ్రెజిల్‌లో 2012 నుంచి, పుస్తకం చదివి దాని మీద వ్యాసం రాసిన ఖైదీకి పుస్తకానికి నాలుగు రోజుల చొప్పున, ఏడాదికి 12 పుస్తకాల దాకా, శిక్ష తగ్గిస్తున్నారు. తమరి దగ్గర నాలుగు రోజుల్లో అర్జీకి నంబరు కూడా పడదు.

చివరిగా ఒక మనవి. మీకు ఇరవై గజాల దూరంలో, బయట ఉండగా బోరుబావి మోటార్లకు వైండింగ్ కట్టిన ఒకాయన ఉన్నారు. ఊరికి కరెంటు తెచ్చే ఫీడరు లైను మీద వోల్టేజి తగ్గిన వేళ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందని, దానితో వోల్టేజి ఇంకా పడి చుట్ట కాలుతుందని ఆయనకు చేతి అనుభవంతో తెలుసు. అలా ఎందుకు జరుగుతుందో ఏ పుస్తకంలో ఉందని ఆ రోజు నన్ను అడిగారు. అర్జీ రాయించి ఇచ్చాను. ఎనిమిది నెలలైంది. వచ్చే నెల ఆయన విడుదల.

మూడో అర, ఎడమ నుంచి ఐదోది, నీలం అట్ట.

ఇట్లు,
మీ స్థిరత్వానికి ముగ్ధుడైన
ఒక పాత ఆపరేటరు