ఆర్ఎస్-232 గారికి ఒక కాటా మెకానిక్ దండాలు

కాటా డబ్బా నుంచి కంప్యూటర్‌కు బరువు అంకెలు మోసే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు గారికి,

ఎర్రగుంట్ల నుంచి వేబ్రిడ్జీలు, అంటే లారీలు తూచే కాటాలు బాగుచేసుకోని బతికేవాడు రాసేదేమనగా, ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఇక్కడ కుశలం ఏం లేదు సామీ. నీకైతే ఢోకా లేదులే, 1960లో నీకు పేరు పెట్టినారు, నువ్వు సేవ చేసిన టెలిటైపులన్నీ (తీగ మీద వచ్చిన అక్షరాలు అచ్చేసే మిషన్లు) పాత సామాన్లోళ్ల బండెక్కి పోయినా నువ్వు మాత్రం ఇంకా బరువు చూపించే ఇండికేటర్ డబ్బా వెనకాల పళ్లికిలించుకోని కూర్చోనే ఉండావు. ఆ పళ్లు తొమ్మిది, మా కాటాకి పనికొచ్చేది మూడే, 2, 3, 5. మిగతావి పెండ్లికొచ్చిన చుట్టాల మాదిరి ఊరికే ఉంటాయి.

పోనీ ఆ మూడన్నా సక్కగుంటావా అంటే, కంప్యూటర్ కాడ 2 వినేది, 3 మాట్లాడేది, అవతల ఇండికేటర్లో అదే వరసనో తిరగేసినారో దాన్ని చేసినోడికే తెలియాల. వైర్లు తప్పు పడితే ఇద్దరూ ఒకే వైరు మీద అరుస్తాంటారు, ఇంకో వైరుకు ఇద్దరూ చెవులు ఆనించుకోని కూర్చుంటారు, అచ్చం మా ఊరి పంచాయితీనే. నేను మీటరు తీసి గ్రౌండు పిన్ను 5కు దాని నల్లవైరు పెట్టి చూస్తా, ఏ పిన్ను మైనస్ తొమ్మిదో పదో వోల్టులు చూపిస్తే అది మాట్లాడేది. మైనస్ అంటే ఒకటి, ప్లస్ అంటే సున్నా అంట, ఇది ఎవరికి పుట్టిన బుద్ధో!

మొన్న ఒక కాటాలో పిడుగుకు పాత ఇండికేటర్ కాలిపోతే కొత్తది పెట్టినా. నాపరాళ్ల లారీ ఎక్కింది, ఇండికేటర్లో 28,460 కిలోలు, కంప్యూటర్లో సున్నా, ఆరు, దాని పక్కన మూడు పిచ్చి గుర్తులు. వెనకాల ఆరు లారీలు హారన్లు కొడతాండాయి, ఓనరు ఫోన్ మీద ఫోను, నేను కేబులు మార్చినా, సోల్డరింగ్ మళ్లీ పెట్టినా, ఎర్తింగ్ కూడా పీకి చూసినా. రెండు గంటలకు తట్టింది, ఇండికేటర్ ఏడు బిట్లు ఈవెన్ ప్యారిటీలో పంపిస్తాంది, అంటే ఒకట్ల లెక్క సరిసంఖ్య అయ్యేటట్టు ఎనిమిదో బిట్టు తగిలిస్తాంది, సాఫ్ట్‌వేర్ ఎనిమిది బిట్లు ప్యారిటీ లేకుండా, ఆ తగిలించినదాన్ని కూడా అంకెలో భాగమనుకోని చదువుతాంది. అప్పుడు 0, 3, 5, 6, 9 బాగనే కనపడతాయి, 1, 2, 4, 7, 8 మాత్రమే చెడిపోతాయి. నా కడుపుమంట ఇదే సామీ, అంతా చెడిపోతే సెట్టింగ్ తప్పురా అని తెలుస్తాది, సగం బాగ చూపించి సగం చెడగొట్టి నోరు మూసుకుంటావే, ఇది తప్పు అని ఒక్క ముక్క చెప్పవే!

సరే ప్యారిటీ మార్చినా, స్క్రీన్ మీద అంకెలు బ్రహ్మాండంగా వచ్చినాయి. 06482. ఈ ఇండికేటర్ ఒకట్ల స్థానం ముందు పంపించే రకం అంట, వెనక నుంచి చదువుకోవాలంట. లారీ డ్రైవర్ కిటికీలోంచి తొంగి చూసి "ఆరువేల చిల్లరేనా, కరెక్టేలే అన్నా, ఆ స్లిప్పే కొట్టు, నే పోతా" అన్నాడు. ఆయన టైర్లు చూస్తే పాపం పొట్టలు జారి ఉండాయి.

ఇంత తిట్టేసరికి మీ ఇంటిదే ఇంకో రకం, ఆర్ఎస్-485 పెట్టుకోవచ్చు కదా అని ఒక ఇంజినీరు సలహా ఇచ్చినాడు. 1200 మీటర్లు పోతాది, ఏ, బీ అని రెండే వైర్లు అంట. నిజమే, కాకపోతే ఒక కంపెనీ ఏ ఇంకో కంపెనీకి బీ. మీ ఇంటి రక్తమే అంత.

సాఫ్ట్‌వేర్లో తిరగేసి చదివే టిక్కు పెట్టి, 28,460 స్లిప్పు చేతికిచ్చి ఇంటికొచ్చి సంగటి ముద్ద ముట్టుకున్నానో లేదో మళ్లీ ఫోను. ఆపరేటర్ పిల్లోడు సెల్లు ఛార్జింగ్ పెట్టుకోడానికి నీ యూఎస్‌బీ కన్వర్టర్ పీకి పక్క బొక్కలో పెట్టినాడు, కంప్యూటర్ దానికిచ్చిన పోర్టు పేరు కామ్ 3 కాస్తా కామ్ 7 అయింది, సాఫ్ట్‌వేర్ ఇంకా 3 కాడనే ఎదురుచూస్తాంది. "ఏం ముట్టుకోలేదన్నా, దానంతట అదే ఆగిపోయింది" అంటాడు.

ఇట్లు,
నీ స్క్రూలు తిప్పీ తిప్పీ వేళ్లరిగిన
కాటా మెకానిక్, ఎర్రగుంట్ల, కడప జిల్లా