చుట్టాలకు ఊరంతా ఒక్కరోజులో చూపించాలనుకోకండి

చుట్టాలొస్తే హైదరాబాద్‌లో ఏ ఇంట్లో చూసినా ఒకటే ప్లాన్. పొద్దున చార్మినార్, మధ్యాహ్నం గోల్కొండ, సాయంత్రం బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్. ఏడు సీట్ల కారు మాట్లాడి అందులో ఎనిమిది మందిని కుక్కేస్తారు. చార్మినార్ నుంచి గోల్కొండ పది కిలోమీటర్ల పైమాటే. ఆ దూరం ట్రాఫిక్‌లో ఈది, పిల్లలకు వాంతులై, మిట్టమధ్యాహ్నం ఎండలో కోట పైనున్న బాలాహిస్సార్ మెట్లెక్కమంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ ఏం చేస్తుంది? "మీరు వెళ్లి రండి, నేనిక్కడే కూచుంటా" అంటుంది. మనం దాన్ని ఆమె ఇష్టం అనుకుంటాం. కాదు, అది మనం వేసిన ప్లాన్‌లో తప్పు.

ఒక రోజుకు ఒక పేట చాలు. కారు వద్దు, నడవాలి. ఎంత నడవాలో గుంపులో అందరికన్నా మెల్లగా నడిచే మనిషిని బట్టి ముందే లెక్కేసుకోవాలి. నడిచి చూడడానికి పాతబస్తీని మించింది మన ఊళ్లో లేదు. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్, లాడ్ బజార్, గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, పత్తర్‌గట్టి, నయాపూల్ వంతెన అన్నీ కలిపినా, మెట్రో స్టేషన్ దాకా నడకతో సహా, ఐదు కిలోమీటర్లు దాటదు. మనిషి ఒంటరిగా నడిస్తే గంటలో తేలిపోయే దూరం. ఎనిమిది మంది గుంపుకు ఆగడాలు, చూడడాలు, తినడాలు కలిపి ఎనిమిది గంటలు పడుతుంది. అన్ని గంటలూ ఇవ్వండి.

ముందుగా ఏ వారం వెళ్లాలో చూసుకోండి. శుక్రవారం అస్సలు వద్దు. చౌమహల్లాకూ, సాలార్‌జంగ్ మ్యూజియంకూ సెలవు. మక్కా మసీదులో జుమ్మా నమాజుకు వేలమంది వస్తారు, ఆ వేళలో చుట్టూ దారులు కదలవు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి కానీ మధ్యాహ్నం దాటితే భుజం భుజం రాసుకోవాల్సిందే. మంగళ, బుధ, గురువారాలు మేలు. రంజాన్ నెలలో పగలు తిండి దొరకడం కష్టం, రాత్రి నడక కష్టం. ఆ నెలలో రాత్రి బజారు చూడడమే పనిగా పెట్టుకుని వెళ్లాలి తప్ప దాన్ని పగటి తిరుగుడుతో కలపకూడదు.

ప్లాన్ చెడేది చాలాసార్లు ఇంట్లోనే. ఒక బాత్రూమ్, ఒక గీజరు. పాతిక లీటర్ల గీజరు నీళ్లు ఇద్దరు ముగ్గురికే సరిపోతాయి, మళ్లీ కాగడానికి అరగంట. ఎనిమిది మంది స్నానాలకు రెండున్నర గంటలు అక్కడే పోతాయి. సగం మంది రాత్రే చేసేయాలి, ఈ మాట రాత్రి భోజనాల దగ్గరే చెప్పాలి. ఇక పొద్దున్నే ఇంట్లో టిఫిన్ పెట్టుకోవద్దు. ఇడ్లీలు నాలుగు వాయిలు దింపి, చట్నీ రుబ్బి, గిన్నెలు కడిగి బయల్దేరేసరికి పదిన్నర. వండిన వదిన అప్పటికే అలసిపోయి ఉంటుంది. గుల్జార్ హౌజ్ దగ్గర పొద్దున్నే బండ్ల మీద వెన్న వేసి దోసెలు పోస్తారు, ఇడ్లీ పెనం మీద కాల్చి ఇస్తారు. ఎనిమిదింటికల్లా అక్కడుంటే నిలబడి తినడానికి చోటు దొరుకుతుంది.

వెళ్లేటప్పుడు ఆటోల్లో నేరుగా చార్మినార్ దగ్గరికి పోండి. వాటిని చార్మినార్ చుట్టూ తిరగనివ్వరు, కాస్త ముందే దిగాలి. అన్నిటికన్నా దూరపు చోటు కాళ్లల్లో సత్తువ ఉన్నప్పుడే చూసేసి, మెట్రో వైపు నడుచుకుంటూ రావాలి. మెట్రో దిగి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి నడక మొదలుపెట్టే వాళ్లు చార్మినార్ చేరేసరికే అలసిపోతారు, ఆ తర్వాత చౌమహల్లా పేరెత్తితే ఎవరూ కదలరు.

మొదట మక్కా మసీదు. 1617లో మొదలై ఔరంగజేబు కాలంలో, 1694లో పూర్తయిన కట్టడం. చెప్పులు విప్పాలి. మధ్యాహ్నం ఆ రాతి నేల మీద అడుగు వేయలేం, అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. అందుకే తొమ్మిది లోపు ముగించాలి. నిక్కర్లు, పొట్టి గౌన్లు వద్దని పిల్లలకు ఇంట్లోనే చెప్పండి. ఆడవాళ్లు తల మీద కప్పుకోవడానికి చున్నీ పెట్టుకోవాలి.

తర్వాత చార్మినార్. 1591 నాటిది. టికెట్ ముందే ఫోన్‌లో తీసుకుంటే క్యూ తప్పుతుంది, ధర కూడా కాస్త తక్కువ. పైకెళ్లే మెట్ల గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. గుండ్రంగా తిరిగే ఇరుకు మెట్లు, ఒక్కో మెట్టు మామూలు ఇంటి మెట్టు కన్నా ఎత్తు, వెలుతురు తక్కువ. మధ్యలో ఆగుదామన్నా వెనకవాళ్లు ఆగనివ్వరు. మనల్ని పంపేది మొదటి అంతస్తు దాకానే, అయినా మోకాళ్లు బాగోలేని వాళ్లను, చీర కుచ్చిళ్లు తట్టుకునే వాళ్లను బలవంతపెట్టకండి. వాళ్లతో ఒకరు కింద ఉండాలి. ఆ ఒకరెవరో టికెట్ కొనకముందే తేల్చుకోండి.

ఇంకో సంగతి. "చార్మినార్ దగ్గరున్నాం, రండి" అని ఫోన్‌లో చెబితే ఎవరూ ఎవరినీ కనుక్కోలేరు. నాలుగు వైపులా అదే కమాను, నాలుగు వైపులా 1889లో పెట్టిన గడియారాలు. ఏ పక్క నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. లాడ్ బజార్ వైపు, గుల్జార్ హౌజ్ వైపు, మక్కా మసీదు వైపు అని చెప్పడం అందరికీ నేర్పండి. తప్పిపోతే కలుసుకునే చోటు గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ అని పొద్దున్నే ఖాయం చేయండి.

పదిన్నరకు చౌమహల్లా. చార్మినార్ నుంచి కిలోమీటరు లోపే. ఖిల్వత్ ముబారక్ దర్బారు హాల్లో 19 పెద్ద షాండ్లియర్లు, ప్యాలెస్ ఆవరణలో పాత కార్లు, పెద్ద గడియారం. వీటికన్నా మనకు ముఖ్యమైనవి రెండున్నాయి. నీడలో కూర్చునే చోటు, వాడుకోదగ్గ టాయిలెట్. దీని గురించి సిగ్గు పడకుండా మాట్లాడుకోవాలి. బయట టాయిలెట్ దొరకదన్న భయంతో మన పిన్నులు, అత్తయ్యలు పొద్దుట్నుంచీ నీళ్లు తాగరు. మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్లు తిరగడం. "ఎండ దెబ్బ" అంటాం, చాలాసార్లు అది నీళ్లు తాగకపోవడమే. "పదిన్నరకు చౌమహల్లాలో టాయిలెట్ ఉంది" అని బయల్దేరేటప్పుడే ఆడవాళ్లందరికీ చెప్పండి, అప్పుడు ధైర్యంగా తాగుతారు. లోపలికి వెళ్లగానే ఒకసారి, బయటికొచ్చే ముందు ఒకసారి వెళ్లమనండి. మనిషికో లీటరు సీసా ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లు పన్నెండున్నరకల్లా తినాలి, "ఇదొక్కటి చూసి తిందాం" అనొద్దు.

భోజనానికి బిర్యానీ ఆశ అందరికీ ఉంటుంది. తినండి, కానీ కడుపు నిండా తిన్నాక రెండు గంటలు ఎవరూ నడవరు. ఎనిమిది మందికి నాలుగైదు ప్లేట్లు తీసుకుని పంచుకుంటే సరిపోతుంది. మాంసం తినని వాళ్లుంటే, కార్తీక మాసంలో అయితే మరీ, ఘాన్సీ బజార్, గుల్జార్ హౌజ్ వైపు పూరీ, మిఠాయి దుకాణాలున్నాయి. వాళ్లను బిర్యానీ హోటల్లో పెరుగన్నంతో సరిపెట్టడం మర్యాద కాదు.

లాడ్ బజార్‌ను భోజనం తర్వాతకే ఉంచండి. దుకాణాలు పొద్దెక్కాక గానీ తెరవరు, పైగా కొన్న సంచులు రోజంతా ఎవరో ఒకరు మోయాలి. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. గాజులు కొనాలంటే సైజు తెలియాలి. రెండు-నాలుగు అంటే రెండంగుళాల మీద అంగుళంలో పదహారో వంతులు నాలుగు, అంటే రెండుంపావు అంగుళం. రెండు-ఆరు, రెండు-ఎనిమిది కూడా అదే లెక్క. ఊళ్లో ఉన్న కోడలికి కొనాలంటే ఆమె పాత గాజు ఒకటి వెంట తెచ్చుకోమని చుట్టాలకు ముందే ఫోన్ చేసి చెప్పండి. అసలు లక్క అయితే దుకాణం వాళ్లే కొంచెం వేడి చేసి, కర్ర మీదికెక్కించి, సైజు సరిచేసి ఇస్తారు. కొన్నిచోట్ల తయారీ కళ్లముందే జరుగుతుంది. నిప్పుల మీద లక్క మెత్తబడగానే తాడులా సాగదీసి, చుట్ట చుట్టి, అది చల్లారేలోపు సన్నటి మొనతో అద్దాల రాళ్లు ఒక్కొక్కటీ పొదుగుతారు. అలాంటి చోట పది నిమిషాలు నిలబడండి. బేరం చేసేవాళ్లు అది చూశాక చేస్తే ఆ ధర దేనికో తెలుస్తుంది. అన్నట్టు, ఆ గాజులు ఎండలో ఆపిన కార్లో వదిలేస్తే మెత్తబడి వంకరపోతాయి.

మొత్తం షాపింగ్‌కు గంటన్నర, అంతే. మగవాళ్లు, పిల్లలు ఆ గంటన్నరా దుకాణాల ముందు నిలబడి విసుక్కోకుండా ఇరానీ చాయ్ తాగడానికి పోవాలి. డికాక్షన్ వేరే, చిక్కగా మరిగిన పాలు వేరే, కప్పులో కలిపిస్తారు. పక్కన ఉస్మానియా బిస్కెట్. చాలా చోట్ల నిలబడే తాగాలి, పెద్దవాళ్లను కుర్చీలున్న హోటల్‌కే తీసుకెళ్లండి.

సాలార్‌జంగ్ దారిలోనే ఉంది కదా అని అందులోకి దూరకండి. దానికి మూడు గంటలు కావాలి, చౌమహల్లా చూసిన రోజున కాళ్లకు ఆ ఓపిక ఉండదు. మర్నాడు పెట్టుకుంటే సంగీత గడియారం గంట కొట్టే వేళకు తీరిగ్గా కూర్చోవచ్చు.

మూడింటికి పత్తర్‌గట్టి రాతి వరండాల నీడలో ఉత్తరంగా నడవండి. నయాపూల్ మీద ఆగితే మూసీకి ఈ ఒడ్డున 1920లో తెరిచిన హైకోర్టు, ఆ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కనబడతాయి. 1908 సెప్టెంబర్ వరదలో ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు పట్టుకుని 150 మంది దాకా బతికారని చెబుతారు. పిల్లలకు ఆ సంగతి అక్కడే చెప్పండి.

అక్కణ్నుంచి ఎంజీబీఎస్ మెట్రోకు నడక కొంచెమే. అక్కడ రెండు లైన్లు కలుస్తాయి, మీరు ఎక్కాల్సిన వైపేదో ముందే చూసుకోండి. లిఫ్ట్ ఉంది. నాలుగున్నరకల్లా రైలెక్కితే పెద్దవాళ్లకు సీటు దొరుకుతుంది, ఆరు దాటితే నిలబడే వెళ్లాలి.