జీసీఎస్ మొత్తం ఒక్కటే రాసి పంపకండి

రెఫరల్ చీటీ మీద 'జీసీఎస్ 11/15' అని ఒక్క ముక్క రాసి పేషెంట్‌ను అంబులెన్స్ ఎక్కించే వాళ్లందరికీ ఈ పోస్ట్. జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేల్: కళ్లు, మాట, కదలిక మూడింటికీ విడిగా మార్కులు వేసి మనిషి ఎంత స్పృహలో ఉన్నాడో చూసే పద్ధతి, మార్కు ఎంత ఎక్కువైతే అంత స్పృహ. ములుగు నుంచి, నర్సంపేట నుంచి, భూపాలపల్లి నుంచి వరంగల్‌కు వచ్చే తలదెబ్బ కేసుల చీటీలు చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

11 అంటే ఏ 11? స్ట్రోక్ వచ్చి మాట పడిపోయిన పెద్దాయన కళ్లు తెరిచే ఉంటాడు, చెయ్యి ఎత్తమంటే ఎత్తుతాడు, కానీ నోట్లోంచి శబ్దమే రాదు. కళ్లకు 4, మాటకు 1, కదలికకు 6. బండి మీద నుంచి పడ్డ పిల్లగాడు పిలిస్తేనే కళ్లు తెరుస్తాడు, పొంతన లేని మాటలు ఒకటో రెండో అంటాడు, చెప్పింది చేయడు, మెడ పక్కన కండ గట్టిగా నొక్కితే మాత్రం చెయ్యి అక్కడిదాకా తెచ్చి తోసేస్తాడు. 3, 3, 5. ఇదీ 11 యే. ఈ ఇద్దరూ ఒక్కటేనా అసలు?

1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ ఈ పద్ధతి తెచ్చినప్పుడు మూడింటినీ విడివిడిగానే చూడమన్నారు. కలిపి ఒక్క అంకె చేయడం తర్వాత వచ్చిన అలవాటు. తలదెబ్బల్లో కదలిక మార్కు చాలా చెప్తుంది, అది దారిలో 5 నుంచి 4కు పడిపోయిందా లేదా అన్నది మొత్తం చూస్తే ఎట్లా తెలుస్తుంది?

గొంతులో ట్యూబ్ ఉన్నవాళ్లకు మాటకు 1 వేయడం ఇంకో ఘోరం. అక్కడ అంకెకు బదులు ట్యూబ్ ఉందని తెలిసేలా 'టీ' అని రాయాలి. కళ్లు వాచి మూసుకుపోయినా అంతే, 1 వేయొద్దు, చూడలేకపోయామని రాయాలి.

ఇంకా బాధ కలిగించేది ఏంటంటే, తండా నుంచి వచ్చిన అవ్వను 'తేదీ ఎంత' అని గబగబా అడిగి, ఆమె బిత్తరపోతే కన్ఫ్యూజ్డ్ అని మాటకు ఒక మార్కు కోసి 4 వేసేస్తారు. ఆమె ఇంట్లో మాట్లాడేది లంబాడీ. మనవరాలు పక్కనే నిలబడి ఉంటుంది కదా, ఆమెతో అడిగించండి. ఇది ఏ ఊరు, ఏ నెల, దసరా అయిపోయిందా అని అడగండి. చెవులు వినిపిస్తున్నాయో లేదో కూడా చూడండి.

క్యాజువాలిటీలో రష్ ఎట్లుంటదో నాకు తెలుసు, నేనూ అక్కడే నిలబడతా. అయినా మూడు అంకెలు, చూసిన టైం రాయడానికి ఎంతసేపు పడుతుంది అన్నా? మత్తు మందు ఇస్తే ఇవ్వకముందు స్కోరు తప్పకుండా రాయండి, మా దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి మత్తులో ఉంటాడు, అంతకుముందు ఎట్లున్నాడో చూసింది మీరే.