కష్టమట! ఎవరికి?

"లినక్సా? అది ఇంజినీర్లకండీ, మీ అమ్మగారికి ఎలా వస్తుంది?" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. లినక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపించే సిస్టమ్, అంతే. అనేవాళ్లలో చాలామంది దాన్ని ఒక్కసారైనా తెరిచి చూసిన పాపాన పోలేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలట, మా పాత ల్యాప్‌టాప్‌లో అది లేదు. శుభ్రంగా పనిచేస్తున్నదాన్ని పారేయలేక లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వేశాను. అంతకుముందు అమ్మ కంప్యూటర్ ముట్టలేదు. కింద ఎడమ మూల మెనూ, అందులో ఫైర్‌ఫాక్స్, అందులో ప్రవచనాలు. అంతే, వచ్చేసింది. తికమకపడింది మా బావ! "సీ డ్రైవ్ ఏదిరా? ఈఎక్స్ఈ ఫైలు నొక్కితే ఏమీ కావట్లేదేంటి?" అని ఒకటే గొడవ. అవి రెండూ విండోస్ సంగతులు, ఇరవై ఏళ్ల అలవాటు మరి. కష్టం సిస్టమ్‌లో ఉందా, ఆయన వేళ్లలో ఉందా?

కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. వాళ్లంతా ఇంజినీర్లా?

2012లో విండోస్ 8 వచ్చి స్టార్ట్ బటన్నే మాయం చేసింది. జనం తిట్టుకున్నారు, 2013లో 8.1తో బటన్ తిరిగొచ్చింది. అప్పుడు మాత్రం "విండోస్ మామూలు మనుషులకి కాదు" అని ఎవరూ అనలేదే!

కొన్ని ప్రింటర్లు సతాయిస్తాయి, ఒప్పుకుంటాను. ఆఫీసువాళ్లు అడిగే కొన్ని సాఫ్ట్‌వేర్లు అసలు దొరకవు. కానీ అది నేర్చుకునేవాళ్ల తప్పు కాదు కదా, ఆ ప్రింటర్లు, సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లని అడగండి.