బావ డబ్బానా, నేను కట్టే పెట్టెనా

కడపలో ఏడు రోడ్ల దగ్గర మా బావకు ఫోటో స్టూడియో. పోయిన నెల ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు టకటకమని కొట్టుకోని ఆగిపాయ, దాంట్లో ఒక పెళ్లి మొత్తం ఉండె. పెళ్లికూతురు నాయన వచ్చి అరవలేదు, కూర్చోని ఏడ్చినాడు. అందుకే ఇంట్లో న్యాస్ పెట్టల్లని అనుకున్నాం, అంటే ఫోటోలన్నీ ఒకచోట దాచి నెట్‌వర్క్‌లో వాడుకునే సర్వర్. రెడీమేడ్ డబ్బా కొనాల్నా, పార్టులు ఏరుకోని నేనే కట్టాల్నా అని మిద్దె మీద రాత్రి పదకొండు దాకా వాదులాడుకున్నాం.

బావ: రెండు డిస్కులు పట్టే డబ్బా వచ్చాది, తగిలిచ్చి స్విచ్ వేచ్చే అయిపాయ. నాది ఫోటోలు తీసే పని రా, సర్వర్లకు కాపలా కాసేది గాదు.

నేను: పెళ్లికి 300 జీబీ అంటివి గదా. రెండిట్లో ఒకటి కాపీకే పోతాది. నిండినాక ఇంకో డబ్బా కొంటావా? నా పెట్టెలో నాలుగు డిస్కులకు జాగా ఉంటాది, ఇప్పుడు ఒక జత, దుడ్లు వచ్చినప్పుడు ఇంకో జత.

బావ: కరెంటు బిల్లో?

నేను: ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ టీడీపీ, అంటే పని చేసేటప్పుడు పుట్టే వేడి లెక్క, 6 వాట్లే. డిస్కులూ ఫ్యానూ కలిపి 35 వాట్లు అనుకో, నెలకు 25 యూనిట్లు. ఖర్చు పెట్టాల్సింది డిస్కుల మీద బావా. డిస్కుల్లో సీఎంఆర్, ఎస్ఎంఆర్ అని రెండు రకాలు. సీఎంఆర్ డిస్కులో ట్రాకులు, అంటే డేటా రాసే గీతలు, మన కడప బండలు పరిచినట్ల పక్కపక్కన ఉంటాయి, ఎస్ఎంఆర్‌లో పెంకుటింటి పెంకుల మాదిరి ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవి లేపల్ల గదా, అట్లనే ఒక ట్రాకు తిరగరాయాలంటే అది పక్కవి కూడా రాసుకోవల్ల, చచ్చిన డిస్కు బదులు కొత్తది పెట్టి నింపేటప్పుడు చానా సతాయిచ్చాది. తక్కువకు వచ్చిందని అది కొనగూడదు.

బావ: మంచి డిస్కులు డబ్బాలో కూడా వేసుకోవచ్చు గదప్పా.

నేను: వేసుకోవచ్చు, కాదనను. డబ్బా బోర్డు కాలితే?

బావ: వారంటీ ఉంటాది.

నేను: వారంటీ డబ్బాకు, ఫోటోలకు గాదు. నేను జెడ్ఎఫ్ఎస్ పెడ్తా, అంటే డిస్కుల్లో ఫైళ్లు సర్ది చూసుకునే సాఫ్ట్‌వేర్, సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు 2005లో సోర్సుతో సహా బయటపెట్టినారు దాన్ని. రాసే ప్రతి ముక్కకూ చెక్‌సమ్, అంటే అది చెడిందా లేదా అని పట్టిచ్చే లెక్క, పెట్టుకుంటాది, ఒక డిస్కులో ఫోటో చెడితే జతలో ఉండే మంచిదాన్ని చూసి తనే సరి చేచ్చాది. బోర్డు పోతే డిస్కులు పీకి ఇంకో మామూలు కంప్యూటర్‌కు తగిలిచ్చినా తెరుచుకుంటాయి.

బావ: తగిలిచ్చేది ఎవరు? నువ్వు బెంగళూరులో ఉంటావు. పెళ్లిళ్ల సీజన్లో, ఆ మే నెల ఎండకు డిస్కు పోతే నువ్వు మీటింగ్ అంటావు. డబ్బాలో అయితే ఎర్ర లైటు వెలుగుతాది, ఆ ట్రే లాగి కొత్తది తోచ్చా. నీ పెట్టెలో ఏది చచ్చిందో నాకెట్ల తెలుచ్చాది? మంచిది పీకేచ్చే?

(ఈ మాటకు నా కాడ వెంటనే జవాబు లేదు. జతలో చచ్చింది వదిలేసి మంచిది పీకితే ఇంక చూసుకునే పనే లేదు.)

నేను: ప్రతి డిస్కు సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు పెద్దగా రాసి అంటిచ్చా. డిస్కు పోతే ఆ నంబరుతోనే నీకు మెయిల్ వచ్చేట్ల పెడ్తా. యూపీఎస్‌కు యూఎస్‌బీ వైరు కూడా కలుపుతా, బ్యాటరీ తగ్గితే పెట్టె తనే పద్ధతిగా ఆరిపోతాది.

బావ: ఇల్లే కాలిపోతే?

నేను: రెండూ పోతాయి. అందుకే ఇంకో కాపీ ప్రొద్దుటూరులో పెద్దమ్మ ఇంట్లో ఉండల్ల, డబ్బా కొన్యా, పెట్టె కట్న్యా అది మాత్రం తప్పదు.

బావ: అట్లయితే కట్టు. కానీ కస్టమర్లకు ఇచ్చేసిన పాత ఫోటోలే ముందు వెయ్యి. ఒక ఆదివారం నీకు చెప్పకుండా ఒక డిస్కు వైరు పీకుతా. నువ్వు మిద్దె దిగగూడదు. మీ అక్క మెయిల్ చూసి, నంబరు చదివి, కొత్తది పెట్టల్ల. ఆమెతో అయితే అసలు ఫోటోలు దాంట్లోకి. కాలేదంటే డబ్బానే.

నేను: స్పేర్ డిస్కు రేపే తెప్పిచ్చా. పెట్టె ఆపేది, డిస్కు మార్చేది, ఆన్ చేసినాక స్క్రీన్ మీద ఏది నొక్కాల్నో, అన్నీ ఒక్క పేజీలో తెలుగులో రాసి మూత లోపల అంటిచ్చా.